బస్సు ఇంకా పోలేదు

మా పై పోర్షన్ మేడం పోయారు. గుండెపోటు. ఆస్పత్రిలో కొన్నాళ్లుండి, మంగళవారం పొద్దున్నే వెళ్లిపోయారు. ఆ కబురు మా బ్యాండ్ అభిమానుల గ్రూపులో పెట్టింది నేనే. కాసేపటికి ఫోను తెరంతా దండాల బొమ్మలు. ఆ తర్వాత ఒకడు రాశాడు: "ఇగ లొల్లి బంద్ చేద్దాం. మేడం గుర్తుగా తాళంచెవి పాటనే గ్రేట్ అని అందరం ఒప్పుకుందాం." దాని కింద వరసగా ఓకేలు.

నేను ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: ఎల్బీ నగర్‌లో నలుగురు కుర్రాళ్లు ఒక షట్టర్ గదిలో మొదలుపెట్టిన తెలుగు రాక్ బ్యాండ్ అది. ఒకే ఒక్క ఆల్బమ్ చేసి విడిపోయారు. అందులో రెండు పాటలు జనం నోళ్లలో మిగిలాయి. 'అడ్డం నిలబడ్తా' పాట, ఇళ్లు కూలగొట్టడానికి వచ్చిన బుల్డోజర్ ముందు నిలబడ్డ మనిషిది. డ్రమ్స్ మొదలైతే కూర్చోలేం. 'పూలకుండీ కింద తాళంచెవి' పాట, పనికి పోతూ బడి నుంచి వచ్చే బిడ్డ కోసం తాళంచెవి దాచిపెట్టే తల్లిది. ఒక్క గిటారు, మెల్లని గొంతు. ఈ రెండింట్లో ఏది అసలైన క్లాసిక్ అన్నదే మా తగువు. నాది మొదటిది. మేడంది రెండోది.

మేడం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎన్నేళ్లయినా యాస వదల్లేదు. రోజూ ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని నడిచి వెళ్లేవారు. రెండోది మెడ మీద వేలాడుతుండేది. అదేంటని అడిగితే, "ఒక చెవి పాటకి, ఒక చెవి రోడ్డుకి," అనేవారు.

మేం నల్లగొండ వాళ్లం, కింది పోర్షన్. ఒక ఆదివారం సాయంత్రం నేను మేడ మీద నా పాట గట్టిగా పెట్టుకుని ఉండగా ఆవిడ వడియాలు తీయడానికి వచ్చారు. సౌండ్ తగ్గించమంటారని, నేను కొట్లాటకు తయారుగా ఉన్నాను.

"స్పీకర్ గోడ మూలకి జరుపు. బేస్ అంతా గాల్లోకి పోతోంది," అన్నారు. పాట అయ్యేదాకా నిలబడి విన్నారు. "బాగుంది. కానీ వాళ్ల పాటల్లో గొప్పది ఇది కాదు."

"మరేంది మేడం?"

చెప్పారు. నాకు మండింది. "గా జోలపాటనా?"

"పూర్తిగా విన్నావా అసలు?"

"సగం విన్న."

"సగం విని పూర్తిగా తిడతావా? కూర్చో."

మా రూలు ఆ రోజే పుట్టింది. ఎదుటివాళ్ల పాటను మొదటి నుంచి చివరిదాకా నోరు మూసుకుని వినాలి. ఆ తర్వాతే వాదన. అప్పటినుంచి ఆదివారాలు హయత్‌నగర్ నుంచి, మూసారాంబాగ్ నుంచి మా గ్రూపువాళ్లు ఆ మేడ ఎక్కేవారు. ఆరబెట్టిన వడియాల చుట్టూ కూర్చునేవాళ్లం. మేడం వాదిస్తూనే కాకుల్ని తోలేవారు.

తాళంచెవి పాట చివర ఒక బస్సు హారన్ ఉంటుంది. రికార్డింగులోకి బయటి రోడ్డు మీది నుంచి వచ్చి పడింది. బ్యాండువాళ్లు దాన్ని అలాగే ఉంచేశారు. గిటారు ఆగగానే మాలో ఎవడో ఒకడు నోరు తెరిచేవాడు. మేడం చెయ్యెత్తేవారు. "ఆగండి. బస్సు ఇంకా పోలేదు." హారన్ పూర్తిగా దూరమయ్యాకే చెయ్యి దించేవారు.

నేను కరపత్రాలు చదివి మాట నేర్చుకున్నవాణ్ణి. కాలేజీ గేటు దగ్గర పంచినవీ, మీటింగుల్లో కుర్చీల మీద మిగిలిపోయినవీ. ఒకసారి "పీడిత ప్రజల ధిక్కార స్వరమే ఈ గీతం" అని మొదలుపెట్టాను. ఆవిడ ఒక వడియాన్ని తిరగేస్తూ, "కోపం నీదే నాయనా. మాటలే అద్దెవి," అన్నారు. అందరూ నవ్వారు. వారమంతా ఉడికిపోయి, మళ్లీ ఆదివారం నా మాటల్లో చెప్పాను. చిన్నప్పుడు మా కిరాయి ఇల్లు ఖాళీ చేయించిన రోజు, నాయన ఎవరినీ ఏమీ అనకుండా బిందెలు ఆటోలోకి ఎక్కించాడు. గల్లీ అంతా చూసింది. ఒక్కరన్నా అడ్డం నిలబడితే బాగుండని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఆ ఒక్కడు ఈ పాటలో ఉన్నాడు.

మేడం చేతిలో వడియాన్ని గుడ్డ మీద పెట్టేశారు. "ఇదీ వాదనంటే," అన్నారు. "అయినా నేను మారను. అడ్డం నిలబడే మనిషికి అది ఒక్క రోజు. ఆ తల్లి మాత్రం రోజూ తాళం పెట్టి, గుండె రాయి చేసుకుని పోవాలి."

అప్పుడు మూసారాంబాగ్ పిల్ల ఒకతె, "పెద్దామె గదా, ఒప్పుకుందాం తియ్యిరి," అంది. మేడం ముఖం ఎర్రబడింది. "నా వయసుకి ఓటేస్తే చెల్లదమ్మా. పాటకి వెయ్యి."

అందుకే, సంతాప సభ రోజు అదే మేడ మీద మా గ్రూపువాడొకడు ఆ ఒప్పుకోలు తీర్మానం చదవబోతుంటే లేచి నిలబడ్డాను. ముందు ఆవిడ పాట చివరిదాకా వినిపించాను, హారన్‌తో సహా. ఆ తర్వాత నా పాట తరఫున మాట్లాడటం మొదలుపెట్టాను.

హయత్‌నగర్ దోస్తు నా చెయ్యి గుంజాడు. "ఏందిరా, గీ దినం గూడ లొల్లేనా?"

"గీ దినమే. వయసుకే ఓటొద్దన్న మనిషి, చావుకు ఏస్తే ఊకుంటదా?"

విజయవాడ నుంచి వచ్చిన మేడం చెల్లెలు ముందు వరసలో ఉన్నారు. "అంటే ఏంటి, మా అక్కది తప్పంటావా?" అన్నారు.

"తప్పేనండి. ఇయ్యాల గూడ తప్పే."

ఆవిడ నన్ను తేరిపార చూసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "నువ్వేనన్నమాట. ఆస్పత్రిలో అంది, కిందింటి కుర్రాడికి గట్టి జవాబు దొరికిందే అని. ఏంటే అదని అడిగితే, నీకెందుకే, వాడికే చెబుతాను అంది."

తీర్మానం చదవబోయినవాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నా కోపాన్ని చల్లార్చాలని చూసినవాళ్లు చాలామంది. దానికి జవాబు వెతికింది ఆవిడ ఒక్కరే. ఆ జవాబేమిటో ఇక తెలియదు. తెలిసినా ఎదురే చెప్పేవాణ్ణి. ఆవిడకూ అదే కావాలి.

మొన్న ఆదివారం మళ్లీ కలిశాం. వడియాల గుడ్డ మడిచి ఆవిడ కుర్చీలో పెట్టి ఉంది. నా పాట పెట్టాను. డ్రమ్స్ ఆగాయి. అలవాటుగా అందరం ఆ కుర్చీ వైపు తిరిగాం. కింద మెయిన్ రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టింది. హయత్‌నగర్ వాడు ఏదో అనబోయాడు. నా చెయ్యి పైకి లేచింది. అందరం ఆగాం, ఆ బస్సు పోయేదాకా.