సోలార్ పలకలకు కుచ్చుల తొడుగులు

ఉచితంగా ఇచ్చినదాన్ని జనం జాగ్రత్తగా చూసుకోరన్నది లోకంలో స్థిరపడిన అభిప్రాయం. కరెంటు తీగ ఎక్కిరాని ఆ గుట్టమీది పేటలో మాత్రం జాగ్రత్తే కొంప ముంచబోయింది.

ప్రభుత్వం ప్రతి ఇంటి డాబా మీదా సోలార్ పలక బిగించి, లోపల బ్యాటరీ, దీపం అమర్చి వెళ్ళింది. అందరికంటే ఎక్కువ మురిసింది కుచ్చులమ్మ. ఏది కుట్టినా అంచుకు కుచ్చు పెట్టనిదే ఆమెకు తోచదు గనక ఆ పేరు. పగలంతా ఇటుకబట్టీలో పని. మిషను తొక్కేది దీపం వెలిగాకే. అంత అపురూపమైన పలక మీద దుమ్ము పడటమా, కాకి రెట్ట వేయటమా! పల్చటి తెల్లగుడ్డతో తొడుగు కుట్టింది. చూసినవాళ్ళంతా "మాకూ, మాకూ" అని ఎగబడ్డారు. పలకలన్నీ ముస్తాబయ్యాయి. దీపాలు మాత్రం వెలిగీ వెలగకముందే కునికిపాట్లు పడసాగాయి.

"సర్కారు సరుకు ఇంతేలే వదినా!" అంది ఆడపడుచు, డాబా ఎక్కి తన తొడుగు కుచ్చులు సవరిస్తూ.

పెట్టిన ఖర్చుకు తగిన వెలుగు వస్తోందో లేదో తేల్చడానికి తనిఖీ అధికారి వచ్చాడు. ఫలితం లేకపోతే అన్నీ ఊడదీసి వేరేచోటికి పంపుతారట. మోకాళ్ళ నొప్పుల మనిషి. నిచ్చెన జోలికి పోకుండా బ్యాటరీలు మాత్రమే చూశాడు. అన్నీ నీరసమే. కుచ్చులమ్మ ఇంట్లోది ఒక్కటే నిండుగా ఉంది.

"ఇది మేలురకం తల్లీ, ఉంచేస్తాం. మిగతావి నాసి, ఎత్తుకుపోతాం. ఇంతకీ నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదండీ. మీరొస్తారని నిన్న పొద్దున్నే తొడుగు తీసి ఉతికి..."

అంటుండగానే అసలు సంగతి తట్టింది. నోరు మూసుకుంటే తన దీపం తనకుంటుంది, పరువూ దక్కుతుంది. ఎదురుగా ఆడపడుచు బిక్కమొహం. కుచ్చులమ్మకు నవ్వు తన్నుకొచ్చింది.

"నాసివి కావండీ! వాటి నోటికి గుడ్డ కట్టింది నేనే, కుచ్చులతో సహా!"

"నీ కుట్టు తగలెయ్య వదినా!" అంటూ ఆడపడుచు పకపకా నవ్వి గుమ్మంలోనే కూలబడింది. మరుక్షణం పేటంతా డాబాలెక్కింది. తొడుగులు గాలిలోకి ఎగిరాయి. ఒకటి వచ్చి అధికారి నెత్తిన పడింది. ఆయన మోకాళ్ళ సంగతి మరిచి నిచ్చెన ఎక్కాడు.

మళ్ళీ తనిఖీకి వచ్చేసరికి బ్యాటరీలన్నీ నిండి ఉన్నాయి. పలకలు పేటలోనే ఉండిపోయాయి. కుచ్చులమ్మ తొడుగులన్నీ వెనక్కి తీసుకుని, దిండు గలీబులుగా మార్చి ఎవరివి వాళ్ళకిచ్చింది. తన పలకను రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, ఎండకు వదిలేసి, బట్టీకి వెళ్తోంది.