తలకిందులైన బురద

యేసుమణి పంజాగుట్టలోని ఒక చిన్న పరిశోధనశాలలో బురద కోస్తుంది. చేరింది ఊడవడానికే. అంతకు ముందు అమీర్‌పేట బేకరీలో పదేళ్లు కేకులు కోసిన చెయ్యి అది. ముక్కలన్నీ ఒకే మందంలో వస్తాయని తెలిశాక డైరెక్టర్ సత్యనారాయణ గారు ఆమె చేతిలో చీపురు తీయించి కత్తి పెట్టించారు.

చెరువు అడుగున గుచ్చి తీసిన మట్టి పొడవాటి గొట్టాల్లో వస్తుంది. పై పొర ఈ మధ్యది, కిందికి పోయేకొద్దీ పాతది. సెంటీమీటరు చొప్పున కోసి పరీక్షిస్తే ఏ కాలంలో మనుషులు ఎంత సీసం, ఎంత మురికి చెరువులో కలిపారో తెలుస్తుంది. యేసుమణికి యంత్రాల సంగతి తెలియదు గానీ, వేలితో నొక్కి కొత్త బురదేదో, పాత మట్టేదో చెప్పేస్తుంది.

మొన్న చలికాలంలో చెల్లెలి కూతురి పెళ్లికని పదిహేను రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆఫీసంతా మిఠాయిల వాసన. శివారు చెరువొకటి వందేళ్లలో ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉందని ఫలితం వచ్చిందట. కాకినాడ నుంచి వచ్చిన పరిశోధకురాలు మంజూష, యేసుమణి లేదని ఆ గొట్టాన్ని తానే నిలువునా చీల్చి, ఒక సగం కోసి పరీక్షకు పంపింది. సోమవారం మీటింగులో ఆ సంగతి చెప్పడానికి సత్యనారాయణ గారు కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నారు.

మిగిలిన సగాన్ని ఫ్రిజ్‌లో సర్దబోయి యేసుమణి ఆగిపోయింది. ‘కింద’ అని రాసిన కొసన వేలు పెడితే జారిపోతోంది. ‘పైన’ అని రాసిన వైపు గట్టిగా ఇటుకలా ఉంది. జారుడు బురదలో ఏదో మెరిస్తే పట్టకారుతో లాగింది.

“మేడం, జర ఇటు రాండ్రి.”

“ఏంటి యేసుమణి గారూ?”

“వందేండ్ల కింద షాంపూ ప్యాకెట్లు సుత ఉండెనా?”

మంజూష ఆ ప్లాస్టిక్ ముక్కను చూసింది, గొట్టాన్ని చూసింది. “అయ్యో! తలకిందులుగా రాసేశాను. ఇప్పుడెలా?”

యేసుమణికి జాలేసింది. కావాలంటే తాను నోరు మూసుకోగలదు. కానీ ఆ బురద మూసుకోదు.

“ఫికర్ జేయకుండ్రి. మీరే పోయి చెప్పుండ్రి. నేను ఎంబడొస్త.”

ఇద్దరూ కలిసే వెళ్లారు. సత్యనారాయణ గారు ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూశారు. “అంటే చెరువు బాగుపడలేదన్నమాట” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, దిగులే ఉంది. తర్వాత ఫోను తీసి మీటింగు వాయిదా వేయించారు. “ఆ చెరువులో మళ్లీ కొత్త గొట్టం తీద్దాం. ఈసారి యేసుమణి గారు పడవలో ఉండాల్సిందే” అన్నారు.

యేసుమణి పడవెక్కడం అదే మొదలు. ఒడ్డు దూరమవుతుంటే “ప్రభువా, ప్రభువా” అంటూ మంజూష చెయ్యి వదల్లేదు. గొట్టం పైకి రాగానే మాత్రం భయమంతా మరిచిపోయి, ఎవరూ ముట్టుకోకముందే మూత బిగించి, పెద్దక్షరాలతో ‘పైన’ అని తానే రాసింది. కారులోనూ దాన్ని నిలువుగా పట్టుకునే కూర్చుంది.

ఎర్రమంజిల్ దగ్గర డ్రైవరు అద్దంలోకి చూస్తూ విసుక్కున్నాడు. “అక్కా, జర పండబెట్టరాదు? ఎన్కనుంచి వచ్చేటివి కనవడ్తలేవు.”

“నువ్వు ముంగట జూసి నడుపు” అంది యేసుమణి.