ప్లేనర్ సరిచేయలేని పలక

2022 ఎండాకాలం. పాల్వంచ మెయిన్ రోడ్డు మీద నా పవర్ టూల్స్ దుకాణం అప్పటికి తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. మెకానికల్ డిప్లొమా చదివి, ఖమ్మంలో ఒక డీలర్ దగ్గర ఆరేళ్ళు సర్వీస్ టెక్నీషియన్‌గా చేసి, ఆ తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. ఇప్పటికీ లోపలికి వచ్చి "సార్ లేరా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. "నేనే సార్‌ని, చెప్పండి" అంటాను. కొందరు నవ్వుతారు. కొందరు బయటికి వెళ్ళి బోర్డు మళ్ళీ చదివి వస్తారు.

మా గిరాకీలో ఎక్కువమంది వడ్రంగులు, వెల్డింగ్ షాపుల వాళ్ళు. కొన్నేళ్ళుగా ఇంకో రకం వాళ్ళు కూడా వస్తున్నారు. కరెంటు ప్లాంటులోనో బొగ్గు గనుల్లోనో రిటైరై, చేతులు ఊరుకోక, కారు షెడ్డులో చెక్కపని పెట్టుకునేవాళ్ళు. అడవి పక్కనే ఉన్నా ఇక్కడ కొత్త టేకు తెచ్చుకోవడం అంత తేలిక కాదు, పర్మిట్ లేకపోతే చెక్‌పోస్టు దాటదు. అందుకని పడగొట్టిన ఇళ్ళ తలుపులు, దూలాలు కొనుక్కుంటారు. వాటి మీద రంగూ మసీ పోయి లోపలి చెక్క కనబడాలంటే చిత్రిక పట్టాలి. అరవై దాటాక రోజంతా చేత్తో రందా తోయడం నడుముకు పడదు కాబట్టి మిషన్ కోసం నా దగ్గరికి వస్తారు.

దేవదానం గారు అలా వచ్చినవారే. ముప్పై ఒక్క ఏళ్ళు ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్‌గా చేశారు. భార్య రూతమ్మ గారిని వెంటబెట్టుకుని, స్కేలుతో గళ్ళు గీసిన నోట్‌బుక్ పట్టుకుని వచ్చారు. అందులో మూడు మిషన్ల వాట్లు, బ్లేడ్లు, వెడల్పు, బరువు వరసగా రాసి ఉన్నాయి.

"గీ మూడిట్ల నాకు ఏది పనికొస్తది మేడం?"

ఆయన అడిగింది బెంచ్‌టాప్ థిక్‌నెస్ ప్లేనర్. బల్ల మీద పెట్టుకునేంత చిన్న మిషన్. పలకను ఒక పక్క నుంచి పెడితే రెండు రోలర్లు దాన్ని కిందికి అదిమి లోపలికి లాక్కుంటాయి, మధ్యలో తిరిగే బ్లేడ్లు పైభాగాన్ని పల్చగా చెక్కుతాయి. అవతల పక్క నుంచి పలక ఒకే మందంతో బయటికి వస్తుంది. ఖరీదైన రకంలో పొడవాటి బ్లేడ్లకు బదులు చిన్న చిన్న చదరపు బిళ్ళలు ఉంటాయి. చప్పుడు తక్కువ, ఏదన్నా మేకు తగిలినా ఆ ఒక్క బిళ్ళ మారిస్తే సరిపోతుంది. కానీ ధర దాదాపు రెట్టింపు. ఆయన పనికి అంత అవసరం లేదని, మూడు బ్లేడ్ల మిషన్ చాలని చెప్పాను.

"మా లైన్ల సాయంత్రమైతే వోల్టేజీ పడిపోతది. మోటర్ తట్టుకుంటదా?"

"పొద్దున పూట నడపండి సార్. ఎక్స్‌టెన్షన్ వైరు పొడుగ్గా, సన్నగా ఉండొద్దు. ఒక్కసారికి అర మిల్లీమీటరు కన్నా ఎక్కువ కోయకండి."

అన్నీ రాసుకున్నారు. పలక చివర్లలో బ్లేడు కొంచెం లోతుగా దిగుతుందని, దాన్ని స్నైప్ అంటారని చెబితే, చివర నుంచి ఎన్ని అంగుళాల వరకు అలా దిగుతుందని అడిగారు. దుమ్ము లాగే పైపు సైజు అడిగారు. నేను మురిసిపోయాను. మామూలుగా నా దగ్గరికి వచ్చేవాళ్ళు అడిగేది ఒకటే, ఎంత తగ్గిస్తారని.

మాటల్లో అసలు పని బయటపడింది. మణుగూరు దాటాక అడవి అంచున రూతమ్మ గారి పుట్టినూరు. అక్కడి పాత చర్చి విప్పేసి కొత్తది కడుతున్నారు. పాత చర్చి తలుపు రూతమ్మ గారి తండ్రి తన చేతులతో చేసింది. నాలుగు టేకు పలకల తలుపు. దానితో ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల, చేయించాలని చర్చి సంఘం అనుకుంది. పెద్దలు కొత్తగూడెం వడ్రంగికి ఇద్దామంటే దేవదానం గారు లేచి నిలబడి, నేను చేస్తానన్నారు. ఆయన పని వచ్చినవాడేనని రూతమ్మ గారు అందరి ముందూ పూచీపడ్డారు. ఉన్నవి నాలుగే పలకలు. ఐదోది ఎక్కడా దొరకదు.

రూతమ్మ గారు అప్పుడు ఒకే ఒక్క మాట అడిగారు.

"చెక్క కొంచెం వంకరున్నది బిడ్డా. గది దీంతోని సాపైతదా?"

"అవ్ ఆంటీ, అద్దం లెక్క వస్తది" అన్నాను. ఆయన అడిగిన పైపు సైజు కోసం కేటలాగులో వెతుకుతున్నాను. తల కూడా ఎత్తలేదు.

ఆ మాట తప్పు. మిషన్ల మధ్య పదిహేనేళ్ళు గడిపిన మనిషి అనకూడని మాట.

పది రోజులకు ఫోన్ వచ్చింది. "మేడం, మిషన్ల ఏదో ఫాల్ట్ ఉన్నది. ఒక్కసారి వచ్చి చూస్తరా?" గొంతులో కోపం లేదు, అదే నన్ను కంగారుపెట్టింది. మధ్యాహ్నం షట్టరు దించి వాళ్ళ కాలనీకి వెళ్ళాను.

షెడ్డు ఆసుపత్రిలా శుభ్రంగా ఉంది. గోడకు ఒక లాగ్‌షీట్ అతికించి ఉంది, ప్లాంటులో గంటగంటకూ రీడింగులు రాసే కాగితం లాంటిదే. మేకులన్నీ పీకి, అయస్కాంతం పెట్టి వెతికి, ఆ తర్వాతే మొదటి పలక మిషన్‌లో పెట్టారు. మిషన్‌లోంచి వచ్చిన ప్రతిసారీ డిజిటల్ వెర్నియర్‌తో ఎనిమిది చోట్ల మందం కొలిచి రాశారు. అలా ముప్పై నాలుగు వరసలు. ప్రతి వరసలోనూ ఎనిమిది అంకెలూ ఒకటే. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల పలక ఇరవై ఒకటికి వచ్చింది.

"మీటరేమో బరాబర్ ఉందంటది. బల్ల మీద పెడితే గిట్ల ఊగుతది" అంటూ పలకను బల్ల మీద పెట్టి ఒక మూల నొక్కారు. ఎదురు మూల లేచింది. వదిలితే టక్కున పడింది.

మిషన్‌లో ఏ ఫాల్టూ లేదు. ఎన్నో ఏళ్ళు ఎండకూ వానకూ నిలబడి ఆ పలక మెలి తిరిగింది. రోలర్లు అదిమినప్పుడు అది మిషన్ బల్లకు అతుక్కుని తిన్నగా ఉన్నట్టు నటిస్తుంది. బ్లేడ్లు దాటి బయటికి రాగానే మళ్ళీ తన మెలికి పోతుంది. ప్లేనర్ మందాన్ని సమానం చేస్తుంది, అంతే. వంకర పలక పెడితే సమానమైన మందంతో వంకర పలకే వస్తుంది. ముందు ఒక ముఖాన్ని తిన్నగా చేసుకోవాలి. పెద్ద కార్ఖానాల్లో దానికి జాయింటర్ అనే వేరే మిషన్ ఉంటుంది.

వేరే ఎవరైనా నాలుగైదు సార్లకే ఆపేసి తల గోక్కునేవాళ్ళు. ఆయన ఆపలేదు. మీటరు బాగుందంటే బాగున్నట్టే అని నమ్మి బతికిన మనిషి. కంట్రోల్ రూమ్‌లో ఆ నమ్మకమే ఆయన ఉద్యోగం.

రూతమ్మ గారు షెడ్డు మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. కాళ్ళ దగ్గర సంచి నిండా టేకు పొట్టు. అందులోంచి ఒక పిడికెడు తీసి చూసి మళ్ళీ వేసేశారు.

"మా నాయిన చేతి చెక్క. సంచిల పడ్డది" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు అవ్ అన్నవ్ కద బిడ్డా" అన్నారు.

"వంకరంటే పైన ఎత్తుపల్లాలేమో అనుకున్న ఆంటీ" అన్నాను. అది అబద్ధం. నేనేమీ అనుకోలేదు, అసలు వినలేదు. మిషన్ వాపసు తీసుకుంటానని కూడా అన్నాను. డబ్బు తిరిగిస్తే లెక్క సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

"మిషన్ ఏం చేసింది? ఇంకా మూడు పలకలున్నయి. ఎట్ల చేయాలో చెప్పుండ్రి" అన్నారు దేవదానం గారు.

చెప్పాను, ఈసారి నిలబడి చేసి చూపించాను. దీన్ని స్లెడ్ అంటారు. తిన్నగా ఉన్న మందపాటి ప్లైవుడ్ మీద పలకను పెట్టి, ఊగే మూలల కింద సన్నటి చెక్క చీలికలు దూర్చి, కదలకుండా జిగురు చుక్కలతో అతికించాలి. పలకను అలాగే ప్లైవుడ్‌తో కలిపి మిషన్‌లోకి పంపాలి. కింద ఆసరా ఉంది కాబట్టి రోలర్లు అదిమినా మెలి అణగదు, బ్లేడ్లు ఎత్తుగా ఉన్న చోటే చెక్కుతాయి. పైముఖం తిన్నగా అయ్యాక పలకను విడదీసి తిరగేసి, ఇక మామూలుగా నడపవచ్చు. రెండో పలకతో సాయంత్రం దాకా ఉన్నాను. ఇరవై తొమ్మిది మిల్లీమీటర్ల దగ్గర ఆపి బల్ల మీద పెడితే ఏ మూల నొక్కినా కదల్లేదు. దేవదానం గారు నాలుగు మూలలూ రెండేసి సార్లు నొక్కి చూసుకున్నారు. లాగ్‌షీట్‌లో కొత్త గడి గీసి, పైన "ఊగుడు" అని రాశారు.

అప్పటికే పల్చబడిపోయిన మొదటి పలకను మాత్రం ఏమీ చేయలేకపోయాం. ముక్కలుగా కోస్తే మెలి తగ్గుతుంది కాబట్టి బల్ల కాళ్ళ మధ్య పట్టీలకు వాడమన్నాను. బల్ల పైభాగం మూడు పలకలతోనే పూర్తయింది.

ఆ వారం నుంచే దుకాణంలో పద్ధతి మార్చాను. ప్లేనర్ అడిగినవాళ్ళతో, "ముందు మీ చెక్క చూపించండి" అంటాను. తేలేనివాళ్ళు ఫోన్‌లో ఫోటో చూపిస్తారు. పలక అంచు వైపు నుంచి తీసిన ఫోటో కావాలంటాను, మెలి ఉంటే అక్కడే కనబడుతుంది. కొందరికి మిషన్ అమ్మే ముందే స్లెడ్ కొలతలు కాగితం మీద గీసి ఇస్తున్నాను. ఇద్దరు ముగ్గురు ఆ కాగితం తీసుకుని మిషన్ కొనకుండా వెళ్ళిపోయారు కూడా, పోనీ.

కొత్త చర్చి పూర్తయ్యాక మందిర ప్రతిష్ఠకు నన్ను పిలిచారు. బస్సు దిగి కిలోమీటరు నడిచి వెళ్ళాను. కొత్త సున్నం వాసన, నిండా జనం. ముందు తెల్లటి గుడ్డ పరిచిన ప్రభువు బల్ల. చక్కటి పనితనం, కానీ ఆ పెద్ద వేదిక మీద సన్నగా కనబడింది. ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన మామూలుగానే అడిగారు.

"దేవదానం, తలుపు మస్తు వెడల్పుండె గదయ్యా. బల్ల గింత సన్నగొచ్చిందేంది?"

చెద పట్టిందనవచ్చు. పగిలిందనవచ్చు. ఎవరూ వెళ్ళి చూడరు. దేవదానం గారు లేచి నిలబడ్డారు.

"ఒక పలక నేను ఖరాబు చేసిన. మీటరును నమ్మిన, చెక్కను చూడలే. తప్పు నాది."

నేను ఆడవాళ్ళ వైపు చివర కూర్చుని ఉన్నాను. లేచి, "నేను చెప్పిన మాట విని చేశారు" అనడానికి ఎంతసేపు పడుతుంది? లేవలేదు. పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు, అందరితో పాటు నేనూ నిలబడ్డాను.

భోజనాల దగ్గర దేవదానం గారిని పక్కకు పిలిచి, "ఆ మాట నేను చెప్పాల్సింది సార్" అన్నాను. ఆయన చేయి అడ్డంగా ఊపారు. "ప్లాంట్ల చార్జ్ తీసుకుని సంతకం పెట్టినంక ఏం జరిగినా ఆ షిఫ్టోనిదే బాధ్యత. మిషన్ నా షెడ్డుల ఉండె మేడం." ఆయన దగ్గర తేలిగ్గా బయటపడ్డాను. కానీ ఆ తలుపు ఆయన తండ్రిది కాదు.

రూతమ్మ గారు వంటపాత్రల దగ్గర వడ్డిస్తున్నారు. నా వంతు వచ్చేదాకా వరసలో నిలబడ్డాను. విస్తరి ముందుకు చాపి, వెనక ఉన్నవాళ్ళకు కూడా వినబడేలా చెప్పాను.

"ఆంటీ, ఆ రోజు మీరడిగింది నేను వినలేదు. వినకుండనే అవ్ అన్న. పలక పోయింది నా వల్లనే."

ఆమె గరిట ఆపలేదు. అన్నం పెట్టి, కూర వేసి, అప్పుడు నా మొహంలోకి చూశారు.

"ఎరుకే బిడ్డా. నువ్వెప్పుడు చెప్తవా అని చూస్తున్న."