ఎడమ చెంప వంతు

నా నోటికి మంచి పేరు లేదు. ఇంట్లో, బడిలో, ఆఖరికి ఇల్లందు బస్టాండులో పూలమ్మే ఆమె దగ్గర కూడా నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు. ఉండదా మరి? అడవి అంచు గూడెంలో ఒకే గది బడి, ఐదు తరగతులు, పద్దెనిమిది మంది పిల్లలు, వాళ్లందరికీ నేనొక్కతినే టీచరును. కర్ర ఏనాడూ పట్టలేదు. కళ్లు పెద్దవి చేసి ఒక్క చూపు చూస్తే గది మొత్తం సద్దుమణిగేది. ఆ చూపును చూసుకుని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

జనవరిలో ఒక పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ మూల నుంచి వాటంతటవే కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే నోరు కుడివైపుకు లాగి ఉంది. ఎడమ కన్ను మూయబోతే మూత పడలేదు. బొగ్గు బాయిలో రాత్రి షిఫ్టు చేసి అప్పుడే వచ్చిన మా ఆయన నన్ను చూసి, చేతిలో టిఫిన్ డబ్బా కింద పెట్టడం కూడా మరిచిపోయాడు. కొత్తగూడెంలో డాక్టరుకు చూపిస్తే ఇది పక్షవాతం కాదు, ముఖానికి వెళ్లే నరం వాచింది అన్నాడు. మాత్రలు రాసి, రోజూ అద్దం ముందు నాలుగు వ్యాయామాలు చేయమన్నాడు. బుగ్గలు పూరించాలి, కనుబొమలు ఎత్తాలి, ఈల వేసేటట్టు పెదవులు ముడవాలి, పళ్లన్నీ కనబడేలా నవ్వాలి. చాలామందికి కొన్ని నెలల్లో పోయింది పోయినట్టే తిరిగొస్తుందట, కొందరికి కొంచెం వంకర మిగిలిపోతుందట. నేను ఏ రకమో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మిగిలిపోతే? ఈ మూతితో పిల్లల ముందు ఎలా నిలబడాలి, చుట్టాల ముందు ఎలా నవ్వాలి? ఇరుగుపొరుగు వాళ్లు ఊరుకున్నారా? ఒకామె పావురం నెత్తురు పూయమంది. ఒకామె చలిగాలిలో స్కూటీ మీద అడవి దారిన పోతే ఇట్లాగే అవుతుందని, తనకు ముందే తెలుసన్నట్టు చెప్పింది. అందరి మీదా మండిపడ్డాను. అద్దం మీద ఇంకా ఎక్కువ మండిపడ్డాను. వ్యాయామాలు రెండు రోజులు చేసి మానేశాను. ఆ ముఖాన్ని నేనే చూడలేకపోతే ఇంకొకరికి ఏం చూపిస్తాను?

పది రోజులయ్యాక మాస్కు పెట్టుకుని బడికి పోయాను. ఒక వారం ఎట్లాగో గడిపి, ముఖం బాగయ్యేదాకా పొడుగు సెలవు పెడతానని ఇంట్లో ముందే చెప్పేశాను. నా బదులు ఇంకొకరు వస్తారన్న నమ్మకం లేదు. అంటే బడికి తాళమే. అది తెలిసి కూడా చెప్పాను, ఎందుకంటే సిగ్గు అంత గట్టిగా పట్టుకుంది నన్ను.

మా హాజరు ఇప్పుడు ఫోనుకు ముఖం చూపిస్తేనే పడుతుంది. సిగ్నలేమో చేతిపంపు దగ్గర తప్ప ఎక్కడా రాదు. బడికి పోయిన ఆ మొదటి పొద్దునే పంపు దగ్గర నిలబడి మాస్కు తీయక తప్పలేదు. ఫోను ముందు నిలబడ్డాను. ముఖం సరిపోలలేదు అంది. మళ్లీ చూపించాను. మళ్లీ అదే మాట. ఈలోగా పిల్లలంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, నాలుగు తిట్టి లోపలికి పోయేదాన్ని. మధ్యాహ్నం భోజనం వండే అక్క చేటలో బియ్యం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

అప్పుడు రెండో తరగతి పిల్ల ఒకతి ముందుకొచ్చింది. ఎంత బిగించి కట్టినా రిబ్బను నిలవని జుట్టు, ఎప్పుడూ పెద్ద ముత్తయిదువ లాంటి ముఖం. ఇది నవ్వదు, పక్కవాళ్లను మాత్రం నవ్వించి చంపుతుంది. వంటక్క పప్పు రుచి చూసి ఉప్పు సరిపోయిందో లేదో తేల్చుకోలేక ఆకాశం వంక చూడటం, మా స్కూటీ స్టార్టు కాక దగ్గడం, అన్నీ అచ్చం అట్లాగే చేసి చూపిస్తుంది. మా గూడెం పిల్లలకు మీరు అనే మాటతో పని లేదు, నన్ను కూడా నువ్వనే అంటారు. ఆ పిల్ల నా చేతిలో ఫోనును తొంగి చూసి, తెలియని చుట్టానికి మనిషిని చూపించినట్టు దానితో చెప్పింది.

"ఈమె మా మేడమే. నాకెర్కే."

ఫోను ఒప్పుకోలేదు. పిల్ల కాసేపు ఆలోచించి నా వైపు తిరిగింది.

"ఒక్కసారి తిట్టు మేడం. గుర్తువడ్తది."

తిట్టాలనే నోరు తెరిచాను. నవ్వొచ్చింది. పది రోజులుగా లోపల గడ్డకట్టుకుని ఉన్నదంతా ఒక్కసారి ఊడి బయట పడింది. వంటక్క చేట పక్కన పెట్టి నేల మీద కూర్చుని మరీ నవ్వింది. నవ్వుతుండగానే నా మూతి ఎటు పోతోందో గుర్తొచ్చి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పిల్ల ఆ చెయ్యి పక్కకు జరిపి, పలక మీద లెక్క దిద్దినంత శ్రద్ధగా నా ముఖం చూసింది.

"ఎడమ చెంపకు ఇంక సమజ్ కాలే మేడం," అంది.

ఇక పిల్లలు ఆగలేదు, నేనూ ఆగలేదు. ఆ రోజు హాజరు మండలం ఆఫీసుకు ఫోను చేసి ఎట్లాగో వేయించుకున్నాను. మాస్కు మాత్రం బ్యాగులోంచి మళ్లీ తీయలేదు. మరి ఆ చెంపకు నవ్వు అర్థమయ్యేదెట్లా అని పిల్లే అడిగితే, డాక్టరు చెప్పిన నాలుగూ చెప్పాను.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఆ పిల్ల అందరికీ ఎదురుగా పోయి నిలబడింది. పద్దెనిమిది మంది బుగ్గలు పూరించారు, కనుబొమలు ఎత్తారు. ఈల దగ్గరికొచ్చేసరికి సగం మందికి ఉమ్మే వచ్చింది. నాలుగు రోజులకు డాక్టరు చెప్పినవి దానికి చాలలేదు. చింతకాయ కొరికిన తాత ముఖం, ఇప్పపువ్వు దొరికిన ఎలుగుబంటి ముఖం, స్కూటీ స్టార్టు కాని మేడం ముఖం అని సొంతంగా కలిపింది. ఆఖరిది నాకు ఎదురుగానే చేసి చూపించింది, భయమన్నది ఉంటే కదా. పనికి పోయే ఆడవాళ్లు దడి దగ్గర ఆగి, తట్టలు దించి, తామూ రెండు ముఖాలు పెట్టి నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఇంట్లో అద్దంలో చూడలేని వంకర మూతిని నేను రోజూ పద్దెనిమిది ముఖాల్లో చూశాను. చూసి చూసి అది నాకు మామూలైపోయింది. పొడుగు సెలవు సంగతి ఎప్పుడు మరిచిపోయానో నాకే గుర్తులేదు. ఆ రోజుల్లో పోయినంత హాయిగా నేనెప్పుడూ బడికి పోలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి కన్ను మూత పడింది, తాగిన నీళ్లు లోపలే ఉన్నాయి. చెంప మాత్రం ఇంకా బద్ధకంగానే ఉండేది. ఎండాకాలం సెలవులిచ్చారు. ఇంట్లో ఒక్కదాన్నే అద్దం ముందు నిలబడితే చప్పగా ఉండేది. కొన్నాళ్లు చేశాను, కొన్నాళ్లు ఎగ్గొట్టాను. ఇంతటితో ఆగిపోతుందేమోనని ఒక దిగులు లోపల ఉండనే ఉంది.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ పిల్లను వాళ్ల నాయనమ్మ తీసుకొచ్చింది. ముసలామె నన్ను చూడగానే నవ్వడం మొదలుపెట్టి, కాసేపటికి గానీ మాట కూడదీసుకోలేకపోయింది. సెలవుల్లో కూడా ఈ పిల్ల మానలేదట. పొద్దున లేవగానే మంచంలో కూర్చుని ఎడమ బుగ్గ ఒక్కటే పూరించేదట. తునికాకు తెంపడానికి అడవికి తీసుకుపోతే అక్కడా అదే పని. పన్ను నొప్పేమోననుకుని పక్కింటామె ఏదో వేరు నూరి పెట్టిందట. మందు పెట్టించుకుని మళ్లీ పూరించిందట.

"ఎందుకే అంటే ఏమన్నదో ఎర్కేనా మేడం? కుడి పక్క మేడం చేసుకుంటది, ఎడమ పక్క నా వంతు అన్నది."

నేను ఎగ్గొట్టిన రోజులన్నీ గుర్తొచ్చాయి. నా మీద నాకే కోపం వచ్చింది, ఆ పిల్లను చూస్తే కడుపు నిండిపోయింది. రెండు కళ్లూ తడిశాయి. పిల్లకు అవేం పట్టలేదు. ఊరి నుంచి రావలసిన మనిషి సంగతి అడిగినట్టు నా ఎడమ పక్క నవ్వు సంగతి అడిగింది.

"వచ్చిందా మేడం?"

చేతులు రెండూ కిందికి వదిలేసి, పళ్లన్నీ కనబడేలా నవ్వి చూపించాను. తల పక్కకు వాల్చి చాలాసేపు చూసింది.

"వచ్చింది. గని జరంత దారిల ఉన్నది."

ఆ జరంత ఇప్పటికీ రాలేదు. నవ్వితే నా ఎడమ మూల కుడి మూల కంటే కొంచెం వెనకగా కదులుతుంది. పెళ్లిళ్లలో ఎవరైనా గుచ్చి గుచ్చి చూసి, ఆ పక్క ఇంకా బాగు కాలేదా అని అడుగుతారు. ఆ పక్క నాది కాదు, మా బడి పిల్లది, దానికి వీలైనప్పుడు చేస్తుంది అని చెప్తాను.