బళేపేటలో లేని మనిషి

నిన్న పోస్టాఫీసులో కవరు అంటించడానికి జిగురు డబ్బాలో వేలు పెట్టగానే, మా పాత పత్రికాఫీసు జిగురులాంటి ఆ పులిసిన వాసనకు సుభద్రమ్మగారు గుర్తొచ్చారు. బెంగుళూరులో ఆడవాళ్ళ కోసం వెలువడిన ఒక తెలుగు మాసపత్రికకు ఆమె ఇరవై రెండేళ్ళు సంపాదకురాలు. అరవైలలో నేను ఆమె దగ్గర ప్రూఫులు దిద్దేదాన్ని. దిద్దినదానికన్నా కోసిన కోతలే ఎక్కువ. మా తాత గొడుగుతో పులిని అదిలించిన కథ చెబితే అచ్చక్షరాలు పేర్చే కంపోజిటర్లు అన్నం మరిచి వినేవాళ్ళు. ఆమె మాత్రం కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంటూ, "పులిని నమ్ముతానమ్మే. మీ తాతకి గొడుగు యాడిది?" అనేవారు.

పత్రికలో ఆమె తనదనుకున్నది ఒక్క పేజీనే. పాఠకురాళ్ళు తమ కష్టాలు రాస్తే జవాబులిచ్చే పేజీ. తక్కినదంతా ముగ్గులు, ఊరగాయలు, యజమాని బావమరిది సీరియలు. అచ్చయ్యేదాకా ఆగితే ఆలస్యమవుతుందని, చిరునామా ఉన్న ప్రతి ఉత్తరానికీ ఆమె ముందే కార్డు రాసేవారు. రానురాను ఉత్తరాలు తగ్గాయి. "ఇట్లే ఉంటే ఆ పేజీ ప్రకటనకని సబ్బులవాళ్ళకి ఇచ్చేస్తానమ్మా," అన్నాడు యజమాని. ఆమె తలూపారు. అది చూడలేక, నేనే ఉత్తరాలు పుట్టించడం మొదలుపెట్టాను. చేతిరాతలు మార్చాను, చిరునామాలు ఎగ్గొట్టాను. రెండు నెలలు పేజీ నిలబడింది. మూడో నెల నా చెయ్యి ఆగలేదు. బళేపేట గాజుల అంగళ్ళ సందులో ఒక కోడలిని గదిలో పెట్టి గొళ్ళెం వేయించాను, మూడు రోజులు అన్నం లేకుండా చేశాను.

ఆ ఉత్తరం చదివి సుభద్రమ్మగారు సంచీ తీసుకుని బళేపేటకు బయలుదేరారు. మరునాడూ వెళ్ళారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. మూడోనాడు ఆమె గోడ పట్టుకుని మెట్లెక్కి వస్తుంటే తట్టుకోలేకపోయాను.

"ఇంక పోవద్దక్కా. ఆ మనిషి లేదు. నేనే రాసినా."

ఆమె కుర్చీలో కూలబడ్డారు. "అనుకుంటానే ఉన్నా. అన్నం లేని మనిషి అంత చక్కగా పేరాలు విడదీసి రాస్తాదా?"

"మరి ఎందుకు పోయినారు?"

"నీది కాకుంటే?" మోకాలు నిమురుకున్నారు. "ఇట్లాంటివి ఇంకెన్ని రాసినావు?"

"ఎనిమిది."

"గడపగడపకీ పోయి అడిగినా. ఒకామె మొగం మీదే తలుపేసింది. ఇంకొకామె ఏమీ చెప్పకుండా ఏడ్చింది. రేపు ఆమే రాసిందనుకో. నీ ఉత్తరమేమో అనుకుని పక్కన పెట్టేస్తానేమో. ఆ భయం పట్టుకునుండాది నాకు."

ఆ సాయంత్రమే యజమాని దగ్గరికి వెళ్ళి, "ఉత్తరాలు రావడంలేదప్పా. పేజీ సబ్బులవాళ్ళకి ఇచ్చేయండి," అన్నారు. నా పేరు ఎత్తలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు ఊరగాయల కొలతలు దిద్దుతూ అక్కడే ఉన్నారు.

నా కోతలు మానలేదు. అయితే ఎవరైనా తమ బాధ చెప్పుకుంటుంటే, ఇది కట్టుకథేమో అన్న అనుమానం అందరికన్నా ముందు నాకే వస్తుంది. వచ్చినా సరే, ఇల్లెక్కడో అడిగి బయలుదేరతాను. చాలాసార్లు అది కట్టుకథే అవుతుంది. ఊరికే వెళ్ళి, ఊరికే తిరిగి వస్తాను.