పెళ్ళికూతురి రాయి, ఎవరూ చూడని మేక

ఎలాదియో ఉంపియెర్రెస్ ముప్పై ఆరేళ్ళు మా లాన్సరోటె దీవిలో గైడుగా పనిచేశాడు. ఆ కాలమంతటిలో అతను విధినిర్వహణలో నిజం చెప్పిన సందర్భం నాకు తెలిసి ఒక్కటే. అందుకు అతనికి నూటికి ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి.

ఈ మాట నిందగా అనడం లేదు. మా దగ్గర చూపించడానికి ఉన్నవి నల్లరాయి, సముద్రం, వాటి మీద ఎండ. ఉదయం పదింటికి బస్సు దిగిన జనాన్ని భోజనాల వేళ దాకా ఈ మూడింటితోనే నిలబెట్టాలి. 'ఇది లావా, అది కూడా లావా' అని ఎంతసేపు చెప్పగలం? నిజం ఐదు నిమిషాలకు సరిపోతుంది. తక్కిన రెండు గంటలూ గైడు తన సొంత తెలివితో నింపుకోవాలి.

1988 మార్చిలో ఒక మంగళవారం, డ్రైవరు నిసెతో నడిపే బస్సు టైరు మా పెన్యా కెమాదా ఊరి బయట పంక్చరైంది. బస్సులో నలభై ఒక్కమంది జర్మన్లు. చెట్టు నీడ లేదు, చెట్టే లేదు. వాళ్ళలో ఒకాయన డబ్బు వాపసు సంగతి ఎత్తేసరికి ఎలాదియో చుట్టూ చూశాడు. రెండు నిలువుల ఎత్తున, తల వంచుకున్నట్టున్న ఒక రాయి కనబడింది. వెంటనే మొదలుపెట్టాడు. 1730లో అగ్నిపర్వతం బద్దలైన రోజు ఇక్కడొక పెళ్ళి జరగవలసి ఉందనీ, పెళ్ళికొడుకు నడవలేని తల్లిని మోసుకురావడానికి వెనక్కి వెళ్ళాడనీ, పెళ్ళికూతురు కదలనని నిలబడిందనీ, లావా ఆమెను అలాగే రాయి చేసిందనీ చెప్పాడు. ఒక ముసలావిడ చేతిరుమాలు తీసింది. తక్కినవాళ్ళు కెమెరాలు తీశారు. మా ఊరి ఆర్థిక వ్యవస్థ ఆ చేతిరుమాలు మీద నిలబడిందని నా లెక్క.

ఆ వారంలోనే మిగతా గైడ్లు కథను ఎత్తుకున్నారు. పంచాయతీ బోర్డు పెట్టింది. ఎడమచేత్తో రాయిని తాకిన జంట విడిపోదని హోటళ్ళవాళ్ళు కలిపారు; దాంతో పెళ్ళికూతురి నడుము అరిగి నున్నబడింది. రాయి ఎదుట భోజనశాల పెట్టిన వెంతురా, పెళ్ళికొడుకు వెనక్కి వెళ్ళింది తల్లి కోసం కాదు, మేక కోసమని మార్చాడు. అతని దగ్గర మేకమాంసం కూర పేరుపడ్డది. తల్లిని వండి వడ్డించలేడు కదా.

ఎలాదియో బోర్డును సహించాడు, ఎడమచేతిని సహించాడు. మేకను మాత్రం సహించలేకపోయాడు.

"చర్చి గుమ్మంలో పిల్లని నిలబెట్టి మేక కోసం పరిగెత్తేవాడి కోసం ఏ ఆడదైనా రాయైపోతుందా?" అని వెంతురాను నిలదీశాడు.

"నీ కథలో మా మేక దూరిందని ఏడుస్తావేంరా? నీ కథ మా ఊళ్ళో దూరినప్పుడు మేమేమైనా అన్నామా?" అన్నాడు వెంతురా.

వాదంగా చూస్తే వెంతురాదే పైచేయి అని ఒప్పుకోక తప్పదు.

కిందటేడు మా దీవి పర్యాటక మార్గాన్ని చూసుకునే సంఘం కొత్త నియమం తెచ్చింది. గైడ్లందరూ మళ్ళీ పరీక్ష రాయాలి, మౌఖికానికి హాజరు కావాలి. నెగ్గినవారికే కొత్త బ్యాడ్జీ. బ్యాడ్జీ లేనివాడు బస్సు ఎక్కరాదు. ఎలాదియోకు అరవై మూడేళ్ళు. పూర్తి పింఛనుకు ఇంకా రెండేళ్ళ సర్వీసు కావాలి. చదవమని ఇచ్చిన పుస్తకంలో నూట పద్దెనిమిదో పేజీ దగ్గర అతను ఆగిపోయాడు. 'పెళ్ళికూతురి రాయి: పద్దెనిమిదో శతాబ్దం నుంచి స్థానిక వృద్ధుల నోట తరతరాలుగా నిలిచిన గాథ.' కింద మేక బొమ్మ.

మౌఖిక పరీక్షకు ముగ్గురం కూర్చున్నాం: ప్రధాన భూభాగం నుంచి వచ్చిన జానపద పండితురాలు డాక్టర్ బెగోన్యా, సంఘం గుమాస్తా, ఊరి రిటైర్డ్ ఉపాధ్యాయుడిగా నేను.

"ఈ గాథ మూలం చెప్పండి ఎలాదియో గారూ," అంది ఆవిడ.

"మూలం నేనేనండీ. టైరు పంక్చరైంది."

ఆవిడ పుస్తకం చూసి, అతన్ని చూసి, మళ్ళీ పుస్తకం చూసింది.

"జానపద గాథలకి కర్తలుండరండీ."

"నాకూ తెలుసు డాక్టరు గారూ. దీనికి మాత్రం ఉన్నాడు. మీ ఎదురుగానే కూర్చున్నాడు."

"మీ మాటకి ఆధారం?"

"నేనే."

"అది ఆధారం కాదు, ఆరోపణ," అంది ఆవిడ. ఆవిడ తప్పు మాట్లాడలేదు. ఎవరైనా వచ్చి ఫలానా సామెత నాదంటే నేనూ అదే అడుగుతాను. ముప్పై ఎనిమిది మార్కులు వేసి, పదిహేను రోజుల తర్వాత మళ్ళీ రమ్మనీ, ఈలోగా సాక్షులుంటే తెచ్చుకోవచ్చనీ చెప్పింది.

ఎలాదియో తిన్నగా నిసెతో దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. నిసెతో సారా కొట్లో వెంతురా ఎదుట కూర్చుని డామినో బిళ్ళలు పేరుస్తున్నాడు.

"టైరు పంక్చరైంది, నిజమే. నువ్వు కథ చెప్పావు, అదీ నిజమే," అన్నాడు తల ఎత్తకుండా. "కానీ అది మా అమ్మమ్మ చెప్పిన కథేరా."

"మీ అమ్మమ్మ నువ్వు పుట్టకముందే పోయింది కదరా."

"అయితే మా అమ్మకి చెప్పుంటుంది. నీ ఆట కానీ వెంతురా."

నిసెతో కూతురు రాయి దగ్గర ఫొటోలు దిగేవారికి తెల్ల మేలిముసుగులు అద్దెకిస్తుంది. సాక్షిని తూచేటప్పుడు దీన్ని కూడా తూకంలో వేయాలి.

చివరి ఆశ తల్లి. దోన్యా ఫెర్మినాకు తొంభై ఒకటి. గుమ్మం ముందు కుర్చీలో ఎండకు కూర్చుని వేయించిన గింజలు విసిరిన గోఫియో పిండి కలుపుకు తింటోంది.

"ఆ కథ తెలియకపోవడమేంట్రా? చిన్నప్పుడు ఆ రాయి దగ్గర ఎంత ఏడ్చానో," అంది.

"అప్పటికి నేనింకా పుట్టలేదమ్మా."

"నేనేడవాలంటే నువ్వు పుట్టాలా? పుట్టాక ఎలాగూ ఏడిపించావు." చెంచా పక్కన పెట్టి నిట్టూర్చింది. "పాపం, ఆ మేక."

కన్నతల్లి కూడా మేక పక్షం చేరాక మనిషికి మాట్లాడటానికి ఏం మిగులుతుంది?

నా బీరువాలో 1981 నాటి నాలుగో తరగతి వ్యాసాలున్నాయి. 'మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన కథ' అన్నది విషయం. ముప్పై నాలుగు వ్యాసాల్లో ఏడు దయ్యాలు, నలుగురు సముద్రపు దొంగలు, సైతానుతో లేచిపోయిన ఒక ఇల్లాలు ఉన్నారు. పెళ్ళికూతురు లేదు. నిసెతో కొడుకు వ్యాసం వాళ్ళ తాగుబోతు చిన్నతాత గురించి. కట్ట మొత్తం డాక్టర్ గారి ముందు పెట్టాను. ఆవిడ శ్రద్ధగానే తిరగేసింది.

"పిల్లలు రాయలేదంటే కథ లేదని కాదు కదా మాస్టారూ. అందరికీ తెలిసిందే కదాని వదిలేసి ఉండొచ్చు."

తర్కం గట్టిదే. ఆ తర్కంతో ఏ కథనైనా ఏ శతాబ్దానికైనా తీసుకుపోవచ్చు.

బయటికొచ్చి ఎలాదియోతో ఉన్నదున్నట్టు చెప్పాను. "నిజం నీ వైపే ఉంది. బ్యాడ్జీ వాళ్ళ వైపు ఉంది. రెండూ కావాలంటే కుదరదు."

"కథ నేనే అల్లానని చెప్పకపోయినా ఫరవాలేదు మాస్టారూ. మేక సంగతి ఎలా చెప్పమంటారు?"

"పింఛను రెండేళ్ళ దూరంలో ఉంది. నువ్వే ఆలోచించుకో."

పదిహేనో రోజున ఎలాదియో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. అదే ప్రశ్న వేశారు. అతను నన్ను చూడలేదు. గొంతు సవరించుకుని, పద్దెనిమిదో శతాబ్దం నుంచి వృద్ధుల నోట నిలిచిన గాథ అని మొదలుపెట్టి, పేజీలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాడు. కథలో చర్చి గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. గుమాస్తా కలం ఎత్తి పట్టుకున్నాడు.

"పెళ్ళికొడుకు వెనక్కి పరిగెత్తాడు," అన్నాడు ఎలాదియో. కాస్త నీళ్ళు తాగాడు. "మేక కోసం."

డాక్టర్ గారు తల ఊపింది. పరీక్ష అక్కడితో ముగిసినట్టే. కాని అతను లేవలేదు.

"నల్లమేకండీ. కుడిచెవి ఒక్కటే తెలుపు. పెళ్ళికూతురు దాన్ని కన్నబిడ్డలా పెంచింది. అందుకే అతను దాన్ని వదిలి రాలేకపోయాడు."

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఇది పుస్తకంలో లేదే. ఎక్కడ విన్నారు?"

"మా అమ్మ దగ్గరండీ. తొంభై ఒక్కేళ్ళావిడ. ఇవాళ్టికీ ఆ మేకని తలుచుకుని నిట్టూరుస్తుంది. కావాలంటే మాస్టారిని అడగండి."

అందరూ నావైపు తిరిగారు. దోన్యా ఫెర్మినా నిట్టూర్చిన మాట వాస్తవం. నేను విన్నాను. అంతవరకే చెప్పి ఊరుకున్నాను.

"చాలా విలువైన పాఠాంతరం," అంటూ ఆవిడ రాసుకుంది. తొంభై ఆరు మార్కులు వేసింది. గుమాస్తా సంతకం చేశాడు. నేనూ చేశాను, ఆ సంతకాన్ని సమర్థించుకోవడానికి నా దగ్గర వాదనలున్నాయి గాని, వాటికి నేనైతే మార్కులు వేయను.

ఎలాదియో బ్యాడ్జీ జేబుకు తగిలించుకుని మెట్లు దిగుతూ ఉత్సాహంగా ఉన్నాడు.

"ఒక చెవే ఎందుకు?" అని అడిగాను.

"రెండూ తెల్లవంటే ఎవరు నమ్ముతారు మాస్టారూ?" అన్నాడు.