బ్రేకు అక్క భయం

మా కుట్టు దుకాణంలో ఆమెను అందరం బ్రేకు అక్క అనేవాళ్ళం. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, అరచేత్తో మిషను చక్రం పట్టి ఆపేసేది. వెనక గది వైపు తిరిగి, చెవి ఒగ్గి, మళ్ళీ తొక్కేది. "ఈవిడ గౌను కుట్టిచ్చేసరికి అది తొడుక్కోవాల్సిన పిల్లకి పిల్లలు పుడతారు" అని ఓనరు సణిగేవాడు. సణిగినా పనిలోంచి తీసెయ్యలేదు. ఆ మాత్రం మంచితనం ఉంది ఆయనకి.

వెనక గదిలో ఆమె కూతురు ఉండేది. పసితనం నుంచీ మూర్ఛలు. మిషన్ల రొదలో మాకు పిడుగు పడినా వినబడదు. అక్కకు మాత్రం మంచం కిర్రుమన్నా వినబడేది, ఒక్క అంగలో అక్కడుండేది.

ఆ పిల్ల పద్దెనిమిదేళ్ళకు నిద్రలోనే పోయింది. ఏ చప్పుడూ చెయ్యలేదు. తల్లి కంట చుక్క నీరు రాలేదు. వారం తిరక్కుండా వచ్చి మిషను ముందు కూర్చుంది. మళ్ళీ అదే ఆగడం, అదే వినడం. కాకపోతే ఇప్పుడు ఒళ్ళంతా చెమటలు, గుండె దడ. రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చింది. ఒకరోజు సూది వేలిలోకి దిగబడింది. ఇక లాభం లేదని నేనే ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

"మెదడులో ప్రమాదాన్ని పసిగట్టి ఒళ్ళంతా లేపే చోటు ఒకటుందమ్మా" అంది డాక్టరమ్మ. "మీ పాప కోసం అది ఏళ్ళ తరబడి కాపలా కాసింది. ఇప్పుడు మానడం దానికి చేతకావట్లేదు. ఈ మాత్రలు కొన్ని వారాలు వాడితే, చాలామందికి దాని జోరు మెల్లగా తగ్గుతుంది."

"భయంతో పాటు నా పిల్ల కూడా పోతుందేమోనండీ?"

"జ్ఞాపకాలను ఇవి తుడిచెయ్యవమ్మా."

అక్క నమ్మలేదు. మాత్ర అరచేతిలో పెట్టుకుని, "నాకు మిగిలింది ఈ దడొక్కటే. దీన్నీ తీసేసుకుంటారా?" అంది. "పోయినదాని కోసం నువ్వూ పోతావా?" అని కసిరాను. నా నోరే అంత. మింగింది. రోజూ మింగింది.

ఒక మధ్యాహ్నం పెద్ద కర్టెను అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆపకుండా కుట్టేసింది. ఓనరు కత్తెర కింద పెట్టి, "ఏంటక్కా, బ్రేకులు ఫెయిలయ్యాయా?" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. ఆమె కూడా నవ్వబోయి, అంతలోనే లేచి వెనక గదిలోకి వెళ్ళింది. కాసేపటికి, మేమెవరం ఎన్నడూ వినని ఏడుపు వినబడింది.

పరుగెత్తాను. ఖాళీ మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. చెమటల్లేవు, వణుకు లేదు. ఉన్నది ఏడుపొక్కటే.

"డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదే. దాని నవ్వుతో సహా అన్నీ గుర్తున్నాయి. కానీ భయపడినన్నాళ్ళూ అది ఇక్కడే ఉంది, ఏ క్షణమైనా నాతో పని పడుతుంది అనుకున్నాను. ఇప్పుడు నాతో దానికి పని లేదని తెలిసిపోయింది. నా పిల్ల ఇవాళ పోయిందే!"

ఓనరు షట్టరు దించేశాడు. అప్పుడే చావు కబురు విన్నవాళ్ళలా అందరం వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నాం.